ఎనిమిది వేల చుట్లు

నా కోపం గురించి జహీరాబాద్ బస్టాండు నుంచి చిరాగ్‌పల్లి దాకా ఎవరినడిగినా చెబుతారు. కాలిన మోటారు తెచ్చిన రైతును ముందు నాలుగు తిట్టి, ఆ తర్వాతే బండిలోంచి మోటారు దించుకుంటాను. "బావిల నీళ్లున్నయో లేవో చూడకుండ స్విచ్చేసి ఇంట్ల పండితివా?" అని అడుగుతాను. తిట్లు తిన్నవాళ్లు కూడా మళ్లీ నా దగ్గరికే వస్తారు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను చుట్టిన మోటారు వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది లేదు. మొన్న వానలు వెనక్కి పోయేదాకా లేదు.

ఆ సంగతి ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి మిమ్మల్ని సతాయించడం దేనికి? నా కుడికంట్లో మోతిబిందు, అదే శుక్లం. ఏడాదిగా ముదురుతోంది, ఎడమ కన్ను కూడా అదే దారి పట్టింది. ఇంట్లో నా భార్య నారమ్మకు చెప్పలేదు. బిడ్డ గ్లోరీకి చెప్పలేదు. మా నాయిన చెన్నబసప్ప కంటి ఆపరేషన్‌కని పోయి, ఉన్న చూపు కూడా పోగొట్టుకొని వచ్చాడు. అది నలభై ఏళ్ల కిందటి మాట, ఇప్పుడు అట్లా జరగదని నాకూ తెలుసు. తెలిస్తే భయం పోతుందా? ఆయన పదకొండేళ్లు వాకిట్లో మంచం మీద కూర్చొని, చెప్పుల చప్పుడు వినిపించినప్పుడల్లా "ఎవరది?" అని అడుగుతూ బతికాడు. ఒక్కోసారి అది నా చెప్పుల చప్పుడే.

వైండింగ్ పనిలో సగం చూపు వేళ్లలోనే ఉంటుంది. ఏ తీగ ఎంత లావో గోరుతో రాసి చెప్పగలను. ఒక్కో కాయిల్‌కు నలభై, యాభై చుట్లు. అవి లెక్కపెట్టడానికి కళ్లు అక్కర్లేదు. అట్లా ఏడాది నెట్టుకొచ్చాను, ఎవరికీ అనుమానం రాలేదు. రాలేదనే అనుకున్నాను.

అప్పుడొచ్చింది సంగప్ప మోటారు. మొగుడంపల్లిలో అల్లం పండించే మనిషి. ఆదివారం మా చర్చిలో నా వెనక వరుసలో కూర్చుంటాడు, మాట తక్కువ. బావి మీది మోటారు కాలితే తెచ్చిచ్చాడు, చుట్టిచ్చాను. ఎప్పటిలాగే కనెక్షన్ పెట్టె మూత కింద కాగితం పెట్టాను. నాకు పని నేర్పిన వీరప్ప సార్ అలవాటు అది. తీగ లావెంత, చుట్లెన్ని, తారీకు, చుట్టినవాడి పేరు చిన్న కాగితం మీద రాసి మూత కింద పెట్టేవాడు. "రేపు ఎవడో ఒకడు దీన్ని ఇప్పుతడు, వానికి మర్యాదగ నాలుగు ముక్కలు రాసిపెట్టాలె" అనేవాడు. ఆయన పోయాక కూడా నేను ఒక్క మోటారుకు ఆ కాగితం మానలేదు.

నాలుగో రోజు సంగప్ప అదే మోటారు మళ్లీ తెచ్చాడు. విప్పి, భూతద్దం పెట్టి చూస్తే, ఇనుప గాడిలో తీగ కింద అడ్డు పెట్టే కాగితం చినిగి పక్కకు జరిగింది. తీగ నేరుగా ఇనుముకు తగిలి కాలిపోయింది. పని నేర్చుకునేవాడు ఆ తప్పు చేస్తే చెంప పగలగొట్టేవాణ్ణి. నా చెంప ఎవరు పగలగొట్టాలి? తలెత్తి సంగప్పతో, "వోల్టేజ్ ఎక్కువొచ్చింది. మీ లైను మంచిగ లేదు" అన్నాను.

ఆయన నా మొహం వైపు కాసేపు చూశాడు. "గట్లనా" అన్నాడు. చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఈసారి భూతద్దం దించకుండా చుట్టి ఇచ్చేసరికి అయిదు రోజులు పట్టింది, మళ్లీ మూత కింద కాగితం పెట్టాను. అన్ని రోజులూ ఆ అల్లానికి నీళ్లు లేవు. ఆయన ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అదే వారం గ్లోరీ నా బల్ల మీద గిటారు పెట్టింది.

నా బిడ్డ ట్రాక్టర్ల ప్లాంటులో వైర్లు కూర్చే పని చేస్తుంది. మొదటి జీతంతో ఈ పాత కరెంటు గిటారు కొనుక్కుంది, ఆదివారం చర్చిలో వాయిస్తుంది. గిటారు మధ్యలో తంతుల కింద రెండు నల్లటి పట్టీలున్నాయి. వాటిని పికప్ అంటారట. అందులో ఒకటి ఊడదీసి నా చేతిలో పెట్టింది. బొటనవేలంత వెడల్పు, లోపల ఆరు చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ తీగ.

"తంతి కదిలితే ఇండ్ల కరెంట్ పుడ్తది నాయినా. అది స్పీకర్ డబ్బాలకు పోయి సప్పుడైతది" అంది.

"అంటే ఉల్టా మోటారు" అన్నాను. మోటారుకు కరెంటిస్తే కదులుతుంది. ఇక్కడ కదిలితే కరెంటు వస్తుంది. నాకు సరదా పుట్టింది.

"ఇది సచ్చిపోయింది. మీటరు పెడితే ముల్లు కదుల్తలేదు. రెండు వారాలల్ల కోత పండుగ. ఆ రోజు నేను ఒక్కదాన్నే వాయించాలె. గిటార్ నిండుగ పలకకుంటె కీబోర్డు తెప్పిస్తరట. ఉండు, నీళ్లు తాగొచ్చి చెప్త" అని లోపలికి పోయింది.

ఆమె నీళ్లు తాగొచ్చేలోపు నేను బ్లేడు తీసుకొని తీగ మొత్తం అడ్డంగా కోసి బల్ల మీద కుప్ప పోశాను. మా పనిలో మొదటి మెట్టు అదే. కాలిన చుట్టు కోసి పారేయాలి. తీసిన రాగిని తూకం వేయాలి. అంతే లావు తీగ, అంతే బరువు మళ్లీ చుట్టాలి. ముప్పై ఏళ్లుగా చేతికి అదే తెలుసు.

గ్లోరీ గుమ్మంలో ఆగిపోయింది. "ఏం చేసినవ్ నాయినా! బయటి కొస ఒక్కటే తెగింది. ఒక్క టాంకా పెట్టి అతికితే అయిపోతుండె!"

బిడ్డ మొహం మాడిపోయింది. నేను మాత్రం తగ్గుతానా? "టాంకాలు పెట్టి పంపే దుకాణం కాదిది" అని గట్టిగా అరిచాను. "కొత్తది చుట్టిస్త. మోటార్లు చుట్టే చేతికి ఇదొక లెక్కనా?"

అరిచాను గానీ, లోపల నాకు తెలుసు. అలవాటు ఒక్కటే కాదు. తెగిన కొస ఎక్కడుందో చూడాలంటే చూపు ఉండాలి. కోసేస్తే చూడాల్సిన పని తప్పుతుంది.

రాగి తూకం నా కాంటా మీద కదలనే లేదు. పొట్లం కట్టుకొని కంసాలి మాణిక్ దగ్గరికి పోయాను. "రాగి తూయనీకి బంగారం కాంటనా? రేపు ఇనుము తెస్తవా?" అని నవ్వి తూచాడు. మూడు తులాలకు కొంచెం ఎక్కువ. తీగ లావు గ్లోరీయే మైక్రోమీటరు పెట్టి చదివింది. మిల్లీమీటరులో పదహారో వంతు. చుట్లు ఎనిమిది వేలకు పైన ఉండాలని ఫోనులో చూసి చెప్పింది. ఎనిమిది వేలు! నేను నెలంతా చుట్టినా అన్ని చుట్లు తిప్పుతానో లేదో. తీగ కొరియర్లో వచ్చింది. అరచేతిలో పట్టే రీలు, రాగి రంగు తప్ప నాకు ఏమీ కనబడలేదు.

గ్లోరీ పొద్దుటి షిఫ్టుకు పోయాక నేనొక్కణ్ణే కూర్చునేవాణ్ణి. చేతి మిషన్‌కు ఆ నల్లటి పట్టీని బిగించి హ్యాండిల్ తిప్పడం, మూడు వందల దగ్గర తీగ తెగడం. మళ్లీ మొదటికి. వెయ్యి దగ్గర తెగింది. మళ్లీ మొదటికి. మోటారు తీగను బిగించి లాగడం నా చేతికి అలవాటు, ఈ తీగ ఆ బిగువును ఓర్చుకోదు. తీగ పాతదని తిట్టాను. మిషన్‌ను తిట్టాను. నారమ్మ చాయ్ తెస్తే, చాయ్ చల్లారిందని ఆమెను తిట్టాను.

తెగినప్పుడల్లా అసలు కష్టం కొస దొరకడం. వేళ్లకు కూడా అందనంత సన్నం. అప్పుడు రీలును పెదవికి ఆనించి మెల్లగా తిప్పేవాణ్ణి. కొస ఎక్కడో ఒకచోట పెదవికి గుచ్చుకునేది.

అట్లా రీలు పెదవికి పెట్టుకొని, కళ్లు మూసుకొని తిప్పుతుండగా ఒకరోజు మధ్యాహ్నం గుమ్మంలో అలికిడైంది. కళ్లు తెరిచి తలెత్తి, "ఎవరది?" అన్నాను.

అన్నాక నాకే వినిపించింది, నేను ఏమన్నానో. అది మా నాయిన మాట.

"నేనే నాయినా" అంది గ్లోరీ. గుమ్మానికీ నాకూ మధ్య ఎనిమిది అడుగుల దూరం లేదు. "నీకు కనవడ్తలేదు గదా?"

"ఎండకెల్లి వచ్చినవ్, ఎలుగు కండ్లకు కొట్టింది" అన్నాను.

"షిఫ్ట్ తొందరగ అయిపోయింది. చాన సేపాయె నేను ఈడ నిలబడి." ఆమె వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. "సంగప్ప మామ మోటారు గూడ గిట్లనేనా?"

ఇంకో అబద్ధం నాలుక చివరికి వచ్చింది గానీ, బయటికి రాలేదు. తల ఊపాను. నా కంటి సంగతి, మా నాయిన సంగతి, ఏడాదిగా ఏమేం చేసి దాచానో అంతా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. బిడ్డ ముందు ఏడవడం అదే మొదటిసారి.

గ్లోరీ తిట్టలేదు. "తాతప్పుడు వేరే. ఇప్పుడు పొద్దుగాల పోతె మాపటికి ఇంటికి పంపిస్తున్రు. ఫికర్ చెయ్యకు, నేనొస్త దవాఖానకు" అంది. పండుగ తర్వాతి మంగళవారం అని నన్ను ఒప్పించింది. తర్వాత కుర్చీ చూపించి, "లే నాయినా. నేను చుట్త. నువ్వు తీగ పట్టుకో" అంది.

ఆ కుర్చీలో నేను తప్ప ఎవరూ కూర్చోలేదు. పన్నెండేళ్ల వయసులో ఒకసారి తానూ చుడతానని వచ్చి కూర్చుంటే, నేనే చెయ్యి పట్టుకొని లేపేశాను. వార్నిష్ వాసన, గ్రీజు, రైతుల బూతులు, ఆడపిల్లకు ఇక్కడేం పని అన్నాను. ఆ పిల్ల పోయి ప్లాంటులో పరాయివాళ్ల దగ్గర వైర్ల పని నేర్చుకుంది. నా దగ్గర నేర్చుకోవాల్సింది నేనే సాగనివ్వలేదని ఆ కుర్చీలోంచి లేస్తుంటే తెలిసింది.

రీలు నా వెనక. తీగ నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మఖ్మల్ గుడ్డముక్కలోంచి జారి, గ్లోరీ ఎడమచేతి వేలి మీదుగా మిషన్ మీదికి పోతుంది. కుడిచేత్తో ఆమె హ్యాండిల్ తిప్పుతుంది. చూసే పని ఆమెది, బిగువు చూసుకునే పని నాది. మొదట రెండుసార్లు తెగింది. కొస ఆమె చిటికెలో పట్టుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకున్నాక నా వేళ్లు నాకు తిరిగి దొరికాయి. బిగించడం మానేసి, తీగ పోతుంటే పోనిచ్చాను. ఊరికే దానికి తోడుగా ఉన్నాను.

మూడు వేలు దాటాక, "ఆగు!" అని అరిచాను.

ఆమె ఆపింది. "ఏమైంది? అంత మంచిగనే ఉంది."

"లేదు. వస్తున్న తీగల మెలి ఉంది. చూడు."

తీగను లైటు కింద పెట్టి వెతికి, "ఉంది నాయినా" అంది. "నాకైతే అస్సలు అవుపడలే." మెలిని సాపు చేసి మళ్లీ మొదలుపెట్టింది. ఆమె గొంతులో మెచ్చుకోలు విని నాకు కడుపు నిండింది. ఎనిమిది వేల నూరు దగ్గర ఆపాం. మీటరు పెట్టి, "ఆరు వేల ఓములకు జర తక్కువ. పాణం వచ్చింది" అని చప్పట్లు కొట్టింది.

వార్నిష్‌లో ముంచి బల్బు వేడికి ఆరబెడదామన్నాను. వద్దంది. ఆ వేడికి ప్లాస్టిక్ పట్టీ వంకర పోతుందట, మైనంలో ముంచాలట. చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు తెచ్చింది. నారమ్మ పాలగిన్నె ఇవ్వనని కాసేపు కొట్లాడి, చివరికి అడుగు మాడిన గిన్నె ఒకటి ఇచ్చింది. వేడినీళ్లలో ఆ గిన్నె పెట్టి మైనం కరిగించి, చుట్టును అందులో ముంచి తీశాం. ఇల్లంతా చర్చి వాసన.

గిటారులో బిగించాక వాయించి చూసింది. కొత్తది ఒక్కటే పెడితే మంచిగా పలికింది. పాతది ఒక్కటే పెడితే మంచిగా పలికింది. రెండూ కలిపి పెడితే మాత్రం గొంతు పీలగా, ముక్కుతో పాడినట్టు వచ్చింది. గ్లోరీ చేతులెత్తేసింది. "ఖరాబైంది నాయినా. మళ్ల మొత్తం చుట్టాలె."

నాకు నవ్వొచ్చింది. "మోటారు ఉల్టా తిరిగితే మొత్తం ఇప్పి చుట్తమా?"

ఆమె నా మొహంలోకి చూసింది. "రెండు వైర్లు మారుస్తం" అంది మెల్లగా.

"మరి మార్చు."

పాతదొక దిక్కు లాగుతుంటే కొత్తది ఇంకో దిక్కు లాగుతోంది, అంతే. ఆమె కొత్త పికప్ రెండు వైర్లూ విప్పి, అటుది ఇటు, ఇటుది అటు టాంకా పెట్టింది. తంతి మీటింది. నిండుగా, బరువుగా మోగింది. లోపలినుంచి నారమ్మ కూడా, "ఇప్పుడు మంచిగుంది" అంది. కళ్లు లేకపోతే నేనెందుకూ పనికిరానని ఏడాదిగా మనసులో గూడు కట్టుకున్న మాట ఆ మోతకు కొంచెం కదిలింది.

"కాగితం పెట్టాలె. నువ్వే రాయి" అన్నాను. ఆమె వేలెడంత కాగితం మీద రాసి చదివి వినిపించింది. తీగ లావు, ఎనిమిది వేల నూరు చుట్లు, తారీకు. చుట్టింది గ్లోరీ, తీగ పట్టింది చంద్రప్ప. దాన్ని మడిచి పికప్ కింద పెట్టి మరలు బిగించింది.

కోత పండుగ రోజు ఎవరి పంట వాళ్లు చర్చికి తెచ్చి ముందు పెడతారు. చెరకు కట్టలు, గుమ్మడికాయలు, కంది కట్టలు, కోళ్లు. గ్లోరీ వాయిస్తుంటే పాస్టరు గారే తాళం వేశారు. కీబోర్డు మాట ఎవరూ ఎత్తలేదు. ఆరాధన అయ్యాక అందరూ బయటికి పోతుంటే, నేను ముందుకు పోయి పంటలు తడిమి చూశాను. ఒక బుట్టలో అల్లం. చేతిలోకి తీసుకున్నాను. ఈ నేల అల్లం అరచెయ్యంత కొమ్ము వేస్తుంది. ఇది నా చిటికెన వేలంత లేదు. గిడసబారి, తొక్క ముడతలు పడి ఉంది. బుట్ట ఎవరిదో అడగక్కర్లేదు.

సంగప్ప బయట గోడ దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నాడు. అల్లం కొమ్ము చేతిలో పట్టుకునే పోయాను.

"సంగప్పా, వోల్టేజ్ గాదు. నా కన్ను. లోపట తీగ కింది కాగితం చినిగింది నాకు కనవడలే. తప్పు నాది. నీకు అబద్ధం చెప్పిన."

ఆయన రెండో చెప్పు కూడా తొడుక్కున్నాడు. "తెలుసు" అన్నాడు.

"ఎవరు చెప్పిన్రు? గ్లోరీనా?"

"నువ్వే చెప్పినవ్. కాలినంక వైర్లు ఇప్పుదామని మూత తీస్తె నీ కాగితం ఉండె. అక్షరం మీద అక్షరం ఎక్కింది. పేరు రాసిన తాననే తారీకు గూడ రాసినవ్. ముప్పై ఏండ్ల సంది నీ కాగితాలు చూస్తున్న చంద్రప్పా, అచ్చు కొట్టినట్టు ఉంటుండె."

"తెలిసి మళ్ల నా కాడికే ఎందుకు తెచ్చినవ్? అల్లం ఎండుతుంటె?"

"వేరే దుకాణంల ఇస్తె మూత వాడు తీస్తుండె. కాగితం తీసేసిన గూడ లోపటి పని చూసి వాడు పసిగడ్తుండె. నీ కన్ను సంగతి మాపటికల్ల జహీరాబాదంత తెలుస్తుండె." సంగప్ప నా చేతిలోని అల్లం కొమ్ము తీసుకొని, మళ్లీ చెప్పులు విడిచి బుట్టలో వేయడానికి లోపలికి నడుస్తూ అన్నాడు, "నాకు చెప్తవేమో అనుకొని నీ కాడికే తెచ్చిన. నువ్వు వోల్టేజ్ అంటివి."

తల కొట్టేసినట్టయింది. నా పరువు కోసం ఆ మనిషి తన పంట ఎండబెట్టుకున్నాడు. నేనేమో ఆయన లైను మీద నింద వేశాను. ఆయన తిరిగొచ్చేదాకా అక్కడే నిలబడి, "ఆ కాగితాలు ఏం చేసినవ్?" అని మాత్రం అడిగాను.

"మొదటిది పొయ్యిల వేసిన. రెండోది గూడ" అన్నాడు.

అంటే ఆ మోటారులో ఇప్పుడు కాగితం లేదు. నాకు అది మనసొప్పలేదు. అన్నం తిన్నాక గ్లోరీ బండి వెనక కూర్చొని మొగుడంపల్లి పోయాను. సంగప్ప బావి దగ్గర మోటారు ఆపించి, మూత తీయించి, ఆమె చేతికి పెన్నిచ్చాను. తీగ లావు, చుట్లు, తారీకు చెప్పాను. రాసింది.

"చుట్టింది చంద్రప్ప" అన్నాను. అదీ రాసింది. "ఇంకో ముక్క రాయి. కన్ను కనవడని రోజులల్ల చుట్టిండు. ఇప్పినోళ్లు తీగ కింది కాగితాలు ఒక్కసారి చూసుకోండ్రి."

గ్లోరీ పెన్ను ఎత్తి నా వైపు చూసింది. "గిది గూడ రాయాల్నా నాయినా?"

"రాయి" అన్నాను. సంగప్ప మూత బిగించాడు. స్విచ్ వేస్తే నీళ్లు వచ్చాయి, ముగ్గురం అల్లం గట్టు మీద కూర్చున్నాం.